తెడ్డు చేతబట్టే ముందు

ఫిబ్రవరి వచ్చిందంటే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎవరికీ తీరిక ఉండదు. కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. పత్తి చివరి తీతలు సాగుతుంటాయి. గుంటూరు యార్డుకు వెళ్లే లారీలు తెల్లవారుజాము నుంచే దుమ్ము రేపుతుంటాయి. అలాంటి రోజుల్లో నదిమీద పడవ ప్రయాణాల ముచ్చట ఎత్తితే పెద్దలు నవ్వుతారు. అయినా ఈ వారం ఆ సంగతే పాఠకులతో పంచుకోదలిచాం. ఎందుకంటే అది సరదాగా మొదలై, చివరకు ప్రాణాల ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగింది.

మా మిత్రుడొకరు సత్తెనపల్లి వైపు పత్తి, మిరప సాగు చేస్తారు. ఆయన కుమారుడు కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు మీద ఇంటికి వచ్చిన ఆ కుర్రవాడు ఒకనాడు అసర్ నమాజు తర్వాత మాకు కొన్ని ఫొటోలు చూపించాడు. మనిషి నడుము పట్టేంత చోటు మాత్రమే ఉన్న సన్నని పొడవాటి పడవ, రెండు కొసలకూ రెక్కలున్న తెడ్డు, అటూ ఇటూ మంచు కప్పిన కొండలు, కనుచూపు మేర మనిషి జాడలేని నది. ఆ పడవ పేరు కయాక్. పన్నెండు రోజులపాటు పగలు నీటి మీద, రాత్రి ఒడ్డున గుడారంలో గడిపాడట.

ఫొటోలు చూపించి ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. “బాబాయ్, గాలి నింపుకొనే కయాక్ ఒకటి వెంట తెచ్చుకున్నాను. సాగర్ దిగువ నుంచి అమరావతి దాకా కృష్ణలో ఒక్కణ్ణే వెళ్దామనుకుంటున్నా” అన్నాడు. టీ కప్పులు తెస్తున్న వాళ్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు ఒంగోలు. 2017 నవంబరులో ఆ ఊరు ఏం చూసిందో ఆమె మరచిపోలేదు. “వాణ్ణి మీరైనా ఆపండన్నా” అంది మాతో.

పెద్దరికంతో వద్దని చెప్పడం తేలికే. కాని వద్దనే ముందు మనకూ విషయం తెలిసి ఉండాలి కదా! అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ ఉత్తరాది ప్రయాణం ఎలా చేశాడో ముందు అతడు మాకు పూర్తిగా చెప్పాలి. తర్వాత మేమంతా కలిసి కృష్ణ ఒడ్డున నది తెలిసిన మనిషిని అడగాలి. ఆయన ఏం చెబితే అదే ఖాయం.

అడవి నదుల మీద

కెనడా వాయవ్య మూలన నహానీ అనే నది ఉంది. మెకంజీ పర్వతాల్లో పుట్టి, లోతైన లోయల గుండా పారి లియార్డ్ నదిలో కలుస్తుంది. ఆ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానంగా కాపాడుతున్నారు. 1978లో యునెస్కో మొట్టమొదటగా ప్రకటించిన ప్రపంచ వారసత్వ స్థలాల్లో అది కూడా ఒకటి. ఆ ఉద్యానం లోపలికి రోడ్డు లేదు. నీటి మీద దిగే చిన్న విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పడవలో కిందికి రావాలి. దారిలో వర్జీనియా జలపాతం వస్తుంది. మన మాచర్ల దగ్గరి ఎత్తిపోతల ఎత్తు సుమారు 70 అడుగులు. వర్జీనియా దానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. ఆ చోట పడవలను, సామాన్లను వీపున మోసుకుంటూ కొండ దారిన దిగి, కింద మళ్లీ నదిలో దించుకోవాలి.

ఉత్తరాది నదుల్లో అన్నింటికన్నా పెద్ద శత్రువు చలి. వేసవిలోనూ ఆ నీళ్లు మంచు కరిగి వచ్చినవే. అందులో పడినవాడికి అక్కడివారు మూడు అంకెలు నేర్పుతారు. ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ నిమిషంలో నోట్లోకి నీరు పోకుండా నిలదొక్కుకోవాలి. తర్వాతి పది నిమిషాలే చేతులు, కాళ్లు మన మాట వింటాయి. ఒడ్డు చేరాలన్నా, పడవ పట్టుకోవాలన్నా ఆ లోపలే. ఆ తర్వాత ఒక గంట వరకూ స్పృహ ఉండవచ్చు గాని, ఒంట్లో శక్తి ఉండదు. లైఫ్ జాకెట్ లేనివాడు ఆ గంట వరకూ మిగలడు.

నీటి వడిని కూడా వారు ఒకటి నుంచి ఆరు వరకు తరగతులుగా విభజించుకున్నారు. ఒకటో తరగతి అంటే చిన్న అలలు. ఆరో తరగతి అంటే ఆరితేరినవారికి కూడా ప్రాణాపాయం. వడి కనబడకముందే దాని చప్పుడు వినిపిస్తుంది. వెంటనే పడవ ఒడ్డుకు పట్టి, కాలినడకన ముందుకు వెళ్లి చూసి వస్తారు. దాటగలమా, మోసుకుపోవాలా అని అందరూ కూర్చుని నిర్ణయిస్తారు. ఒక్కడు వద్దన్నా ఆగిపోవడం తమ బృందం కట్టుబాటు అని కుర్రవాడు చెప్పాడు. బయలుదేరే ముందు ఏ రోజున ఎక్కడ ఉంటామో రాసి ఉద్యానం కార్యాలయంలో ఇచ్చారట. ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం వెంట పెట్టుకున్నారట. ఎలుగుబంట్లకు వాసన తగలకుండా తిండిని గట్టి డబ్బాల్లో బిగించి గుడారానికి దూరంగా ఉంచారట.

ఇదంతా శ్రద్ధగా విన్న తర్వాత మేము ఒకే ఒక ప్రశ్న వేశాం. “అక్కడ ఆరుగురు కలిసి, ఇన్ని జాగ్రత్తలు తీసుకుని వెళ్లినవాడివి, ఇక్కడ ఒక్కడివే ఎలా వెళ్తానన్నావు నాయనా?”

అతడు కాసేపు ఆలోచించి, “ఇది మన కృష్ణే కదా బాబాయ్!” అన్నాడు.

ఆ జవాబు మమ్మల్ని చాలాసేపు వదల్లేదు. పరాయి నది ముందు తల వంచే మనిషి సొంత నది ముందు ఎందుకు తల ఎగరేస్తాడు? ఈ లోపం ఆ కుర్రవాడొక్కడిదే కాదు, మనందరిదీ.

తోలు పడవల చుట్టరికం

కయాక్ అనే మాట ఇన్యుయిట్ ప్రజల భాష నుంచి వచ్చింది. వీరు గ్రీన్‌లాండ్‌లో, కెనడా, అలాస్కాల ఉత్తర తీరాల్లో నివసించేవారు. చెట్లు మొలవని ఆ నేలమీద, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రతోనూ ఎముకలతోనూ చట్రం కట్టేవారు. దానిమీద సీల్ జంతువు తోలు కప్పి, నీరు చొరకుండా కుట్టేవారు. ఆ కుట్టుపని స్త్రీలది. భర్త ప్రాణం భార్య సూది మొన మీద ఆధారపడి ఉండేదన్నమాట. వేటగాడి బారను, తుంటి వెడల్పును కొలిచి అతడికి తగ్గట్టే పడవను తయారు చేసేవారు. అది షికారు కోసం కాదు, కడుపు కోసం.

మన కృష్ణలోనూ అలాంటి పడవ ఒకటుంది. అదే పుట్టి. అరిగోలు అని కూడా అంటారు. వెదురు బద్దలతో పెద్ద బుట్టలా గుండ్రంగా అల్లి, పూర్వం పైన పశువుల తోలు బిగించేవారు. ఇప్పుడు పట్టా వేసి తారు పూస్తున్నారు. కయాక్ సన్నగా, వేగంగా పోతుంది. పుట్టి గుండ్రంగా, నింపాదిగా తిరుగుతూ పోతుంది. అయినా రెండింటి సూత్రం ఒకటే. తేలికైన చట్రం, దానిమీద తోలు, లోతు లేనిచోట కూడా తేలగలిగే గుణం, ఒక్క మనిషి మోసుకుపోగలిగే బరువు. ఇరాక్‌లో టైగ్రిస్ నదిమీద బాగ్దాదు ప్రజలు శతాబ్దాలపాటు వాడిన ఖుఫ్ఫా కూడా ఇలాంటి గుండ్రటి బుట్ట పడవే. దానికి తారు పూసేవారు. ఎక్కడి టైగ్రిస్, ఎక్కడి కృష్ణ! ఒకరినొకరు చూడని మనుషులు నీటి ముందు ఒకే రకంగా ఆలోచించారు.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో ఈ బుట్ట పడవలను వర్ణించాడు. ఎద్దు తోలు కప్పిన పెద్ద బుట్టల్లో సామాను తడవకుండా అడుగున కట్టెలు పరిచి నది దాటించేవారని, బండ్లను రెండు బుట్టల మధ్య కట్టేవారని, గుర్రాలను పక్కనే ఈదించేవారని రాశాడు. కుతుబ్‌షాహీల ఏలుబడిలో కృష్ణ దక్షిణపు ఒడ్డున కొల్లూరు వజ్రాల గని ఉండేది. అక్కడ అరవై వేల మంది పని చేస్తున్నారని కూడా ఆయనే రాశాడు. ఆ కొల్లూరు మన పల్నాడుదే. పులిచింతల ప్రాజెక్టు వచ్చాక దాని నీటి అడుగున చేరిపోయింది.

మారిపోయిన నది

మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణమ్మ ఒకప్పుడు తన ఇష్టప్రకారం పారింది. ఇప్పుడలా కాదు. శ్రీశైలం ఆనకట్ట దాటాక నల్లమల కొండల మధ్య ఇరుకైన లోయలో నీరు నిశ్చలంగా నిలిచి ఉంటుంది. అది నాగార్జునసాగర్ జలాశయమే. వంద కిలోమీటర్లకు పైగా సాగే ఈ దారికి రెండు పక్కలా పులులు తిరిగే అడవి, చెంచుల పెంటలు. మన రాష్ట్రం వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అవతల తెలంగాణ వైపు అమ్రాబాద్ అభయారణ్యం. ఉత్తరాది అడవి నదులకు మన దగ్గర ఏదైనా పోలిక ఉందంటే అది ఈ దారే. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ ఒడ్డున కాలు పెట్టరాదు. నీళ్లలో మొసళ్లు కూడా ఉన్నాయి.

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ వల్లనే పల్నాడు మెట్టకు, ప్రకాశం బీళ్లకు పచ్చదనం వచ్చింది. మన పత్తికీ మిరపకూ ఆ నీరే ఆధారం. అందుకు మూల్యంగా ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ మునిగింది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదకూ, అనుపుకూ తరలించారు. ఆ కొండే ఇప్పుడు నాగార్జునకొండ ద్వీపం. విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో అక్కడికి వెళ్తారు.

ఇక సాగర్ దిగువన కుర్రవాడు వెళ్తానన్న దారి చూద్దాం. కొద్ది దూరంలోనే సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ ఆనకట్ట అడ్డం వస్తుంది. వాడపల్లి దగ్గర మూసీ కలుస్తుంది. ఆ దిగువన పులిచింతల. 45 టీఎంసీలకు పైగా నీరు నిలిపే ఆ జలాశయానికి 2021 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది. దానికీ దిగువన ఇసుక తవ్వి వదిలేసిన గోతులు. పైకి మోకాలి లోతుగా కనిపించే నీటిలో రెండడుగులు వేస్తే నిలువు లోతు. పైన కరెంటు తయారీకి నీరు వదిలితే, ఎండ కాస్తున్న రోజున కూడా కింద నది ఉన్నట్టుండి పెరుగుతుంది. ఉత్తరాది నదిలో వడి ముందే చప్పుడు చేస్తుంది. మన నదిలో ఆపద చప్పుడు లేకుండా వస్తుంది.

పుట్టి మనిషి మాట

అమరావతికి ఎగువన ఒక రేవుకు మేము నలుగురం ఉదయాన్నే చేరుకున్నాం. పొద్దున్నే అవతలి ఒడ్డు నుంచి మిరప కోతకు కూలీలు పుట్టిలో దిగుతున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. నెత్తిన అన్నం క్యారేజీలు, చంకన గోనె పట్టాలు. రోడ్డు మీదుగా తిరిగి రావాలంటే చార్జీలకే కూలి సగం పోతుంది. అందుకే ఏళ్ల తరబడి వారికి ఇదే దారి.

పుట్టి నడిపే పెద్దాయన అరవై దాటినవాడు. విషయం చెప్పాం. ఆయన కుర్రవాడిని తేరిపార చూసి, “గేట్ల కాడ అడిగావా బాబూ?” అన్నాడు. లేదన్నాడు కుర్రవాడు. “నువ్వు వచ్చేది ఏ రేవులోనైనా చెప్పావా?” లేదు. “మరి నువ్వు రాకపోతే వెతికేదెవరు?” కుర్రవాడి దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఆయన నేలమీద కూర్చుని చెప్పిన మాటలు ఇవి. పుట్టి అంచు నీటికి జానెడు పైన ఉండాలి. అంతకు తగ్గితే ఒక మనిషిని దించాలి, ఆ మనిషి ఎంత దగ్గరివాడైనా సరే. నడి నీళ్లలో ఎవరూ లేచి నిలబడకూడదు. ప్రవాహానికి ఎదురు తెడ్డు వేయకూడదు. దానితోపాటు సాగుతూ ఏటవాలుగా ఒడ్డు పట్టాలి. నురగ, పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే పైనుంచి కొత్త నీరు వస్తోందని అర్థం. గాలి లేచిన రోజున కూలి పోయినా సరే రేవు కట్టేయాలి. “నలభై ఏళ్లుగా తెడ్డేస్తున్నాను సాయిబు గారూ. పొద్దున పుట్టి దించేటప్పుడు ఇప్పటికీ నాకు బెరుకే. ఆ బెరుకు పోయిన రోజున మానేస్తా” అన్నాడు.

నహానీ నది దగ్గర నేర్చుకున్న పాఠమూ ఇదే, కృష్ణ ఒడ్డున విన్న పాఠమూ ఇదే. తేడా అల్లా, అక్కడిది కాగితం మీద ఉంది, ఇక్కడిది పెద్దాయన నోట ఉంది.

మరచిపోరాని రెండు తేదీలు

2017 నవంబరు 12, ఆదివారం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణా గోదావరులు కలిసే పవిత్ర సంగమం చూడడానికి వెళ్లిన పడవ సాయంత్రం వేళ తలకిందులైంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంగోలువారే. రోజూ ఉదయం కలిసి నడిచే మిత్రులు, వారి కుటుంబాలు. ఒడ్డు దూరం కాదు, అడవి కాదు, పెద్ద నగరం కళ్లెదుటే ఉంది. పడవకు అనుమతి లేదని, ఎక్కినవారికి లైఫ్ జాకెట్లు లేవని ఆ తర్వాత బయటపడింది.

2019 సెప్టెంబరు 15. గోదావరిలో పాపికొండల యాత్రకు డెబ్భై మందికి పైగా ఎక్కిన పడవ కచ్చులూరు దగ్గర వరద నీటిలో మునిగింది. దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి. బతికినవారిని ఒడ్డుకు చేర్చింది ఎవరు? ఆ ఊరి గిరిజనులు, తమ చిన్న పడవల్లో. మునిగిన పడవ చాలా లోతున ఇరుక్కుపోతే, చివరకు అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది కూడా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే. లంగర్లు, ఇనుప తాళ్లతో, నది స్వభావం తెలిసిన అనుభవంతో ఆ పని చేశారు. పెద్ద పడవ చేసిన తప్పును చిన్న పడవలు, నీటి మనుషులు కొంతైనా దిద్దారు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఒడ్డున కట్టిన భారీ పడవలే తాళ్లు తెంచుకుని వచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి. నది ఎప్పుడూ ఒకేలా ఉండదని అది మరోసారి చెప్పింది.

ఒంటె తాడు

ఒంటెను కట్టేసి దైవం మీద భారం వేయాలా, కట్టకుండానే వేయాలా అని ఒకరు అడిగినప్పుడు, ముందు కట్టేసి ఆ తర్వాత భారం వేయమని ముహమ్మద్ ప్రవక్త (స) చెప్పిన సంగతి మనందరికీ తెలిసిందే. పడవ ఎక్కేవాడికి లైఫ్ జాకెట్టే ఆ తాడు. దాన్ని కట్టుకోకుండా ‘అల్లాహ్ ఉన్నాడులే’ అనుకోవడం తవక్కుల్ కాదు, నిర్లక్ష్యం. ప్రాణం మన సొత్తు కాదు, మన దగ్గర ఉంచిన అమానత్. అమానత్‌ను అజాగ్రత్తగా వాడే హక్కు ఎవరికీ లేదు.

పారే నది ఒడ్డున ఉన్నా వుజూ నీటిని వృథా చేయరాదన్న బోధ కూడా మనకు ఉంది. నదికి మనం ఇవ్వవలసిన మర్యాదకు కొలత అది. ప్లాస్టిక్ సంచులు, బిర్యానీ పొట్లాలు ఒడ్డున వదిలి రావడం ఆ మర్యాదకు విరుద్ధం. ఉత్తరాది నదుల మీద వెళ్లేవారు తాము తెచ్చిన చెత్తను చివరి కాగితం ముక్క వరకూ తిరిగి మోసుకుపోతారని కుర్రవాడు చెబితే మాకు సిగ్గనిపించింది.

నమాజు సంగతి అడిగాం. దూర ప్రయాణికుడికి నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేసుకొనే సౌలభ్యం ఉంది కదా. పడవలో నిలబడడం ప్రమాదమైతే కూర్చుని చేయవచ్చు. “మాకు అక్కడ వచ్చిన చిక్కు వేరే బాబాయ్. జూన్ నెలలో ఇంకా ఉత్తరాన పొద్దు గూకనే గూకదు” అన్నాడు. ఆ సందర్భంలోనే ఇనూవిక్ మసీదు కథ చెప్పాడు.

నదిలో ప్రయాణించిన మసీదు

ఇనూవిక్ అనేది కెనడాలో ఆర్కిటిక్ వలయానికి సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరాన మెకంజీ నది డెల్టాలో ఉన్న చిన్న పట్టణం. వేసవిలో కొన్ని వారాలు సూర్యుడు అస్తమించడు. శీతాకాలంలో దాదాపు నెల రోజులు ఉదయించడు. అక్కడ టాక్సీలు నడుపుతూ, చిన్న చిన్న పనులు చేసుకుంటూ బతికే ముస్లింలు వంద లోపే. ఒక ఇరుకు గదిలో నమాజు చేసుకునేవారు. అంత దూరాన కట్టడం ఖర్చుతో కూడిన పని. అందుకని 2010లో మానిటోబాలోని ఒక ముస్లిం ధర్మసంస్థ విరాళాలతో విన్నిపెగ్ నగరంలో మసీదును కట్టి, దాన్ని ట్రక్కు మీద ఎక్కించి, తర్వాత బల్లకట్టు మీద మెకంజీ నదిలో దించి పంపారు. ప్రయాణం నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. నది గడ్డకట్టే లోపు చేరాలి. సెప్టెంబరులో ఆ పసుపు రంగు చిన్న మసీదు ఇనూవిక్ ఒడ్డుకు చేరింది. నవంబరులో తెరిచారు. రమజానులో పొద్దు లెక్క కుదరక, దక్షిణాన ఉన్న ఎడ్మంటన్ నగరపు వేళలను అనుసరించి ఉపవాసాలు ఉంటున్నారు. ఆ మసీదు దగ్గరే మతంతో పనిలేకుండా ఊరివాళ్లందరికీ తిండి గింజలు ఇచ్చే కేంద్రం కూడా వెలిసింది.

మసీదును మోసిన ఆ బల్లకట్టు వాళ్లు కూడా మన పుట్టి పెద్దాయనలాగే నది ఏ రోజున దారి ఇస్తుందో చూసుకునే కదిలి ఉంటారు. తొందరపాటుకు ఏ నదీ దారి ఇవ్వదు.

ఇవి పాటిద్దాం

మన పిల్లలు సెలవుల్లో సాగర్‌కు, ఎత్తిపోతలకు, అమరావతికి వెళ్తూనే ఉంటారు. వెళ్లవద్దనడం పరిష్కారం కాదు. ఎలా వెళ్లాలో చెప్పడం మన బాధ్యత. పడవకు అనుమతి ఉందా, ఎంతమందిని ఎక్కించాలో రాసి ఉందా అని అడగాలి. అడిగితే చిన్నతనం అనుకోరాదు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కరాదు. ఇచ్చినదాన్ని ఉక్కగా ఉందని విప్పి పక్కన పెట్టరాదు. ఫొటో కోసం అందరూ ఒక పక్కకు చేరరాదు. గేట్లు ఎత్తారన్న వార్త ఉన్న రోజున, వానా కాలపు వరద రోజుల్లో నది జోలికి పోరాదు. ఆనకట్టల దిగువన, ఇసుక తవ్విన చోట స్నానానికి దిగరాదు. ఒంటరిగా నీటిలోకి వెళ్లరాదు. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఇంట్లో ఒకరికి చెప్పాలి. అన్నింటికన్నా ముందు పిల్లలకు ఈత నేర్పాలి. ఆడపిల్లలకు కూడా.

ఆ రోజు మా కుర్రవాడు కయాక్ సంచి విప్పలేదు. పెద్దాయనతో కలిసి పుట్టిలో అవతలి ఒడ్డుకు వెళ్లి వచ్చాడు. మొదట తెడ్డు వేయబోతే పుట్టి గిర్రున తిరిగింది. కూలి ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. మూడోసారికి కాస్త దారికి వచ్చింది. జుహర్ వేళకు ఒడ్డున ఇసుకలో జానిమాజ్ పరచుకుని నమాజు చేసుకున్నాం. అప్పుడు అతడే అన్నాడు. “ఈసారి వచ్చినప్పుడు నలుగురిని కూడగట్టుకుని, గేట్ల దగ్గర అడిగి, అనుమతి తీసుకుని వెళ్తాను. ఇప్పుడు కాదు.”

వారం తర్వాత ఆ రేవుకు మళ్లీ వెళ్లాం. కుర్రవాడు తిరిగి కెనడా వెళ్లే ముందు గుంటూరులో పన్నెండు లైఫ్ జాకెట్లు కొన్నాడు. సగం డబ్బు వాళ్లమ్మ సదకా కింద ఇచ్చింది. పెద్దాయన వాటిని ఒడ్డున వేపచెట్టు కొమ్మకు వరుసగా తగిలించి పెట్టాడు. మొదటి రోజు తొడుక్కోవడానికి ఆడవాళ్లు సిగ్గుపడ్డారట. “తొడుక్కోకపోతే పుట్టి కదలదు” అని ఆయన తెడ్డు కింద పెట్టి కూర్చున్నాడట. మేము చూసిన రోజున చీరల మీద నారింజ రంగు జాకెట్లు కట్టుకుని, క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని, పదిమంది కూలీలు మిరప చేలకు వస్తున్నారు. పుట్టి అంచు నీటికి జానెడు పైనే ఉంది.

ఆ తల్లికి ఫోను చేసి ఈ సంగతి చెప్పాం. ఆమె అల్‌హందులిల్లాహ్ అని, ఇంకెన్ని కావాలో కనుక్కోమంది. అలాంటి రేవులు కృష్ణ పొడవునా ఇంకా ఉన్నాయి. మీ ఊరి రేవు సంగతి ఏమిటో మీరు కూడా ఒకసారి చూసి రండి.